ఇంట్లో ఏ న్యూస్ చానల్ పెట్టుకోవాలి? తెర మీది రాతలు, రంగులు, పట్టీలను బట్టి ఒక పోలిక

హైదరాబాద్‌లో ఏ ఇంట్లోనైనా రిమోట్ పట్టుకుని తెలుగు వార్తా చానళ్లు ఒక్కొక్కటిగా మారుస్తూ పోతే పది దాటుతాయి. పెద్ద సంఘటన జరిగిన రోజు అన్నిటిలోనూ వార్త ఒకటే, దృశ్యాలు కూడా చాలావరకు అవే. అయినా ఒక చానల్‌ను అరగంట హాయిగా చూడగలుగుతాం, మరొకటి అయిదు నిమిషాలకే తలనొప్పి తెప్పిస్తుంది. ఇందుకు కారణం చాలాసార్లు తెర మీద పేర్చిన సరంజామాలోనే ఉంటుంది: లోగో, స్క్రోలింగ్, బ్రేకింగ్ పట్టీలు, పెట్టెలు, రంగులు, అక్షరాలు.

ఏ చానల్ ఎవరి వైపు మాట్లాడుతుందన్న చర్చ మన ఇళ్లలో ఎలాగూ జరుగుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను. తెరను మాత్రమే చూద్దాం. నా లెక్క ముందే చెబుతాను. ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎవరు చెప్పారు అన్న మూడు సంగతులు ఒక్క చూపులో అందించే చానల్‌కే నా ఓటు. మిగతా హంగులన్నీ ఆ తర్వాతే.

ఈ విషయం మీద ఇరుగుపొరుగును, బంధువులను కదిపితే అభిప్రాయాలు రెండు వైపులా గట్టిగానే వస్తాయి. వయసు మళ్లినవాళ్ల ఫిర్యాదు దాదాపు ఒకటే: "చదివేలోపే వెళ్లిపోతోంది." అమీర్‌పేటలో టిఫిన్ సెంటర్ నడిపే ఒకాయన మాట దీనికి పూర్తిగా ఎదురు. ఆయన దుకాణంలో టీవీకి శబ్దం ఉండదు. ప్లేట్ల చప్పుడు, ఆర్డర్ల కేకల మధ్య పెట్టినా వినబడదు. తెర నిండా పెద్ద అక్షరాలుంటేనే నిలబడి తినేవాళ్లు తలెత్తి చూస్తారని, లేకపోతే ఆ టీవీ దండగని ఆయన అంటారు. ఇద్దరి మాటా నిజమే. అందుకే చానల్‌ను ఎంచుకునే ముందు ఎవరు చూస్తారు, ఎంత దూరం నుంచి చూస్తారు, శబ్దం ఉంటుందా ఉండదా అన్నది తేల్చుకోవాలి.

బులెటిన్, బ్రేకింగ్, పెట్టెలు

1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ తెలుగు వార్తలు చదవడం మొదలుపెట్టారు. చదవాల్సిన మాటలను కెమెరా దగ్గర చూపించే టెలిప్రాంప్టర్ కూడా లేని ఆ రోజుల్లో వార్తను మోసింది మనిషి ముఖం, గొంతు. 1995లో ఈటీవీ వచ్చింది. 2004లో టీవీ9 రాకతో ఇరవై నాలుగు గంటల వార్తలు ఇంటింటి అలవాటయ్యాయి. 2007లో ఎన్టీవీ, టీవీ5, 2009లో సాక్షి, హెచ్‌ఎంటీవీ, ఏబీఎన్ వచ్చి చేరాక పోటీ అంతా తెర మీదికి ఎక్కింది. కింద ఆగకుండా పరుగెత్తే స్క్రోలింగ్ అప్పటికే ప్రపంచమంతటా పాకిపోయి ఉంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల రోజు చెప్పాల్సినవి ఒక్కసారిగా ఎక్కువై అమెరికా వార్తా చానళ్లు దాన్ని మొదలుపెట్టాయి. ఆ రోజు గడిచినా పట్టీ మాత్రం దిగలేదు.

ఇప్పుడు మనకు కనిపించే తెరలు స్థూలంగా మూడు తీరులు. మొదటిది బులెటిన్ తీరు: ఒక లోగో, కింద ఒకే పట్టీ, మిగతా తెరంతా దృశ్యానికే. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి బులెటిన్లు, రాత్రి తొమ్మిది గంటల సంప్రదాయ బులెటిన్లు ఈ కోవలోకి వస్తాయి. రెండోది బ్రేకింగ్ తీరు: పైన ఒక పట్టీ, కింద రెండు వరసల శీర్షిక, దాని కింద స్క్రోలింగ్, మూలన గిరగిర తిరిగే లోగో. మూడోది చర్చల వేళ కనిపించే పెట్టెల తీరు. నలుగురైదుగురు అతిథులు తలా ఒక పెట్టెలో, మధ్యలో యాంకర్, పక్కన అదే దృశ్యం మళ్లీ మళ్లీ. ఒకే చానల్ రోజులో మూడు తీరుల్లోకీ మారుతుంది కాబట్టి, చూడాల్సింది మీరు టీవీ ముందు కూర్చునే వేళకు అది ఏ తీరులో ఉంటుందన్నదే. ఉదయం ఏడింటికి ప్రశాంతంగా ఉన్న చానల్ సాయంత్రం ఏడింటికి అలా ఉండకపోవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే బులెటిన్ తీరు. దుకాణం, సెలూన్, ఆసుపత్రి వరండా లాంటి చోట్ల బ్రేకింగ్ తీరు. పెట్టెల తీరును నేను ఎవరికీ సిఫారసు చేయను. చర్చ వినదగ్గదైతే రేడియోలా విన్నా సరిపోతుంది.

అక్షరాల దగ్గరే అసలు తేడా

తెలుగు అక్షరానికి పైనా కిందా చోటు కావాలి. తలకట్టు, గుడి పైకి పోతాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. "రాష్ట్ర" అని రాస్తే ష కింద ట ఒత్తు, దాన్ని చుట్టుకుని ర ఒత్తు. పట్టీ ఎత్తు సరిపోకపోతే రెండే దారులు: అక్షరం చిన్నది చేయాలి, లేదా వరసలను దగ్గరికి నొక్కాలి. వరసలు నొక్కితే పై వరసలోని ఒత్తు కింది వరసలోని గుడిని తాకుతుంది, కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లకు రెండూ కలిసి ఒక మరకలా కనిపిస్తాయి. "మద్యం"లో దకు, "మధ్య"లో ధకు తేడా కింద ఒక చిన్న గీత. పట్టీ అంచు ఆ గీతను మింగేస్తే వార్తే మారిపోతుంది. శీర్షికలో ఎక్కువ మాటలు ఇరికించాలని అక్షరాలను అడ్డంగా నొక్కి సన్నగా చేసే చానళ్లు కూడా ఉన్నాయి. దగ్గర నుంచి చూస్తే పరవాలేదనిపిస్తుంది, సోఫాలో కూర్చుంటే సున్నా, ర, ఠ ఒకదానికొకటి పోలికపడతాయి.

ఇంకో చిన్న పరీక్ష: "పోలీస్‌స్టేషన్" అన్న మాటను చానల్ ఎలా రాస్తుందో చూడండి. స పక్కన స విడిగా నిలబడాలి. సాఫ్ట్‌వేర్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే రెండోది మొదటిదాని కింద ఒత్తుగా దూరిపోతుంది. ఆ తప్పు రోజూ కనిపిస్తోందంటే అక్షరాలను చూసుకునే మనిషి అక్కడ లేరని అర్థం. మంచి తెలుగు ఫాంట్లు దొరకవన్న సాకు ఇప్పుడు చెల్లదు. మండలి, మల్లన్న, సురవరం, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకునేలా గూగుల్ ఫాంట్స్‌లోనే ఉన్నాయి. రామభద్ర లావు అక్షరం, శీర్షికకు నప్పుతుంది. మండలి స్క్రోలింగ్‌కు హాయిగా ఉంటుందని నా అభిప్రాయం.

స్క్రోలింగ్ రెండు రకాలు. కుడి నుంచి ఎడమకు ఆగకుండా పరుగెత్తేది ఒకటి, ఒక వార్త నిలబడి కొన్ని క్షణాల తర్వాత తప్పుకుని మరో వార్తకు చోటిచ్చేది మరొకటి. తెలుగులో మాటలు పొడవు, విభక్తులన్నీ మాటకే అతుక్కుని ఉంటాయి. పరుగెత్తే పట్టీలో మాట చివర కనిపించేసరికి మొదలు వెళ్లిపోతుంది. నిలబడి మారే పట్టీయే మనకు మేలు. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఒక్క సంగతి చూసి చానల్ ఎంచుకున్నా తప్పులేదు.

చానల్‌ను తిట్టే ముందు మీ టీవీని కూడా ఒకసారి చూసుకోండి. స్క్రోలింగ్ సగానికి తెగి కనిపిస్తోందంటే తప్పు తరచుగా మన సెట్టింగ్‌దే. పాత పిక్చర్ ట్యూబ్ రోజుల అలవాటుతో చాలా టీవీలు ఇప్పటికీ బొమ్మ అంచులను కొంత కత్తిరించి మిగతాది పెద్దది చేసి చూపిస్తాయి. పిక్చర్ సైజ్ దగ్గర ఎల్‌జీలో జస్ట్ స్కాన్, శామ్‌సంగ్‌లో ఫిట్ టు స్క్రీన్ వంటి ఎంపికలుంటాయి. అది పెడితే అంచులు తిరిగొస్తాయి. అక్షరాల చుట్టూ తెల్లటి నీడలు కనిపిస్తుంటే షార్ప్‌నెస్ తగ్గించండి. ఎస్‌డీ, అంటే మామూలు నాణ్యత ప్రసారంలో బొమ్మ 720 అడ్డం, 576 నిలువు చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో 1920, 1080. అంటే ఎస్‌డీలో ఉండే చుక్కలు అయిదో వంతే. పెద్ద టీవీ మీద ఎస్‌డీ చానల్ పెడితే ఒత్తులు అరిగిపోయినట్టు కనిపించడానికి ఇదే కారణం. అదే చానల్ యూట్యూబ్ లైవ్ హెచ్‌డీలో వస్తుంటే, ఇంటర్నెట్ ఉన్న టీవీలో దాన్ని పెట్టుకోవడం తేలికైన మార్గం.

ఎరుపు మీద పసుపు

మన చానళ్లకు ఎరుపు మీద పసుపు అంటే మోజు. కళ్లకు కొట్టొచ్చినట్టు ఉంటుందని వాళ్ల నమ్మకం. చదవడానికి కావాల్సింది మాత్రం వెలుగులో తేడా. వెబ్ పేజీల అక్షరాలకు అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం ప్రకారం అక్షరానికి, వెనకనున్న రంగుకు మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3 చాలు. మరే రంగూ కలపని పసుపును అలాంటి ఎరుపు మీద పెడితే ఆ నిష్పత్తి 3.7 మాత్రమే. ఎరుపు మీద తెలుపు 4. ముదురు నీలం మీద తెలుపు పెడితే 16, నలుపు మీద పసుపు 19 దాటుతుంది. అంటే ఎరుపు-పసుపు జోడీ పెద్ద శీర్షికకు బొటాబొటిగా సరిపోతుంది, సన్నటి స్క్రోలింగ్‌కు పనికిరాదు. శీర్షిక ఎరుపులో, స్క్రోలింగ్ నీలం లేదా నలుపులో ఉన్న చానల్ దొరికితే అది ఆలోచించి చేసిన పని.

రోజంతా ఎరుపే వాడితే మరో నష్టం ఉంది. సినిమా ట్రైలర్ విడుదలకూ అదే బ్రేకింగ్, ప్రమాదానికీ అదే బ్రేకింగ్ అయితే, నిజంగా గడప దాటొద్దని చెప్పాల్సిన రోజు చానల్ దగ్గర వేరే రంగు మిగలదు. శబ్దం సంగతీ అంతే. 2025 మేలో సరిహద్దు ఉద్రిక్తతల సమయంలో వార్తల మధ్య సైరన్ మోతలు వాడొద్దని, వాటికి అలవాటు పడితే జనం నిజమైన వైమానిక దాడి హెచ్చరికను కూడా పట్టించుకోరని కేంద్ర పౌర రక్షణ విభాగం మీడియాకు సూచించాల్సి వచ్చింది.

రంగుకు మన దగ్గర ఇంకో బరువుంది. పసుపు చూస్తే తెలుగుదేశం, గులాబీ చూస్తే బీఆర్ఎస్ గుర్తొచ్చే చోట చానల్ ఏ రంగు పూసుకున్నా జనం అందులో పార్టీని వెతుకుతారు. 2024 ఏప్రిల్‌లో డీడీ న్యూస్ లోగో ఎరుపు నుంచి కాషాయానికి మారినప్పుడు దేశమంతా జరిగిన రచ్చ తెలిసిందే. కంటికి హాయి అన్న లెక్కలో చూస్తే రంగు ఏదన్నది పెద్ద విషయం కాదు, అక్షరం తేటగా కనబడితే చాలు. నమ్మకం లెక్కలో చూస్తే మాత్రం చాలామంది ప్రేక్షకులకు అదే మొదటి విషయం. వాళ్లది తప్పని నేను అనను.

వాన రోజు ఏది పెట్టాలి

చానల్ తెరకు అసలైన పరీక్ష ఎన్నికల రోజు కన్నా వాన రోజే అని నా నమ్మకం. 2020 అక్టోబర్ వరదల దృశ్యాలు ఈ ఊరికి బాగా గుర్తు. ఆ తర్వాత గట్టి వాన పడిన ప్రతిసారీ కొట్టుకుపోతున్న కార్లు, మునిగిన కాలనీలు తెర మీద తిరుగుతాయి. అందులో ఏది ఈ రోజుది, ఏది పాతది? "ఫైల్" అన్న మాట మూలన చిన్నగా ఉంటే గదిలో ఎవరూ చూడరు. 2024 ఆగస్టులో కేంద్ర సమాచార, ప్రసార శాఖ ప్రకృతి వైపరీత్యాలు, పెద్ద ప్రమాదాల దృశ్యాల పైభాగంలో తేదీ, సమయం చూపించాలని ప్రైవేటు చానళ్లకు సూచించింది. వాన పడుతున్నప్పుడు రెండు మూడు చానళ్లు తిప్పి చూడండి. దృశ్యం మీద తేదీ, సమయం, ప్రాంతం పేరు ఉన్నదాన్నే ఉంచండి. మలక్‌పేటలో ఉన్నవాళ్లకు "నగరంలో భారీ వర్షం" అన్న శీర్షిక వల్ల ఒరిగేదేమీ లేదు, చాదర్‌ఘాట్ దగ్గర దారి ఉందా లేదా అన్నది కావాలి.

జంట జలాశయాల వార్తనే తీసుకోండి. ఒక చానల్ తెర నిండా "గేట్లు ఎత్తేశారు" అని ఎర్రగా కొడుతుంది. మరొకటి హిమాయత్ సాగర్ పూర్తి నీటిమట్టం 1763.50 అడుగులు, ఇప్పుడున్నది ఇంత, ఎత్తిన గేట్లు ఇన్ని, వదులుతున్న నీరు ఇన్ని క్యూసెక్కులు అని నాలుగు గడుల్లో చూపిస్తుంది. పక్కనే చిన్న పటం: ఉస్మాన్ సాగర్ నుంచి మూసీ, హిమాయత్ సాగర్ నుంచి ఈసీ, బాపూఘాట్ దగ్గర రెండూ కలిసి పురానాపూల్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ మీదుగా కిందికి. మొదటి తెర చూసినవాళ్లు కంగారుపడతారు. రెండోది చూసినవాళ్లు మోటారును పైకెక్కిస్తారు, బండిని మెట్ట మీద పెట్టుకుంటారు. గ్రాఫిక్స్ మీద పెట్టిన ఖర్చు జనానికి ఉపయోగపడేది ఇలాంటి చోటే.

వినాయక నిమజ్జనం రోజున బాలాపూర్ లడ్డూ వేలం చూపించడంలోనూ ఇదే తేడా. పాడుతున్న మొత్తం పెరిగినకొద్దీ అంకెను పేల్చి చూపించే తెర ఒక రకం. 1994లో రూ.450తో మొదలైన వేలం 2024లో రూ.30.01 లక్షలకు ఎలా చేరిందో ఏడాదివారీగా పక్కన నిలిపి, వేలం దృశ్యాన్ని అలాగే ఉంచేది ఇంకో రకం. చూడటానికి రెండోదే ముచ్చటగా ఉంటుంది.

లెక్కింపు రోజు

ఓట్ల లెక్కింపు రోజు చానళ్ల అంకెలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం చూసి చాలామంది విసుక్కుంటారు. లెక్కింపు ఉదయం ఎనిమిదికి పోస్టల్ ఓట్లతో మొదలవుతుంది, యంత్రాల లెక్క ఆ తర్వాత. ఎనిమిదింపావుకు తెర మీద కనిపించే ఆధిక్యాలన్నీ ఆ పోస్టల్ కట్టలవే. కాబట్టి ఆధిక్యం, గెలుపు రెండూ వేర్వేరు గడుల్లో చూపిస్తున్నారా అన్నది మొదట చూడాలి. మొత్తం స్థానాల్లో ఎన్నింటి సమాచారం వచ్చిందో రాస్తున్నారా అన్నది రెండోది. తెలంగాణలో 119 స్థానాలు, మెజారిటీకి 60. ఆంధ్రప్రదేశ్‌లో 175, మెజారిటీకి 88. ఈ గీత తెర మీద ఎప్పుడూ కనబడాలి.

పొత్తులను ఎలా కలిపారో కూడా గమనించండి. 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కు 64, మిత్రపక్షమైన సీపీఐకి 1. ఒక తెర మీద 64, ఇంకోదాని మీద 65 ఉన్నా రెండూ సరైనవే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం 135, జనసేన 21, బీజేపీ 8, కలిపితే 164. కూటమి మొత్తాన్ని పెద్దగా, పార్టీల లెక్కను దాని కింద చిన్నగా చూపించే చానల్‌ను పెట్టుకుంటే ఇంట్లో వాదనలు తగ్గుతాయి. అంకెలను ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌తో పోల్చుకోవడం మాత్రం ఏ చానల్ చూసినా తప్పదు. అది నెమ్మదిగా కదులుతుంది, కానీ అధికారిక లెక్క అదే.

ప్రకటనల పట్టీ, సంజ్ఞల కిటికీ

వార్త నడుస్తుండగానే తెరను ఓ మూలకు నొక్కి ఎడమన, కింద బంగారం దుకాణాల, ప్లాట్ల వెంచర్ల ప్రకటనలు వేయడం మనకు అలవాటైపోయింది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో ఏడోదాని ప్రకారం ప్రకటన కార్యక్రమం నుంచి స్పష్టంగా విడిగా తెలియాలి, తెర కింది భాగంలో రాతలు పెట్టి కార్యక్రమానికి అడ్డు రాకూడదు. గంటకు 12 నిమిషాల హద్దు కూడా అక్కడే ఉంది. ఇది తెలిసి చూస్తే ఏ చానల్ ప్రేక్షకుడిని ఎంత గౌరవిస్తోందో అర్థమవుతుంది. పోల్చేటప్పుడు ఈ మార్కులు కూడా వేయండి: ఒక గంటలో దృశ్యం ఎన్నిసార్లు కుంచించుకుపోయింది?

వినికిడి సమస్య ఉన్నవాళ్ల కోసం సంజ్ఞా భాషలో వార్తలు చెప్పే బులెటిన్లు ఉన్నాయి. ఆ మనిషి చేతులు కనబడే కిటికీ మీద బ్రేకింగ్ పట్టీ ఎక్కితే ఆ బులెటిన్ వాళ్లకు అందనట్టే. మీ ఇంట్లో ఈ అవసరం ఉంటే మిగతా లెక్కలన్నీ వదిలేసి దీన్నే చూడండి.

ఫోన్‌లో చూసేవాళ్లకు ఇంకో మాట. టీవీ కోసం పేర్చిన నాలుగు పట్టీలు అరచేతి తెర మీద చీమల్లా కనిపిస్తాయి. ఆటోలో, మెట్రోలో చూసే అలవాటుంటే తక్కువ రాతలున్న చానలే మేలు. వాట్సాప్‌లో తిరిగే నకిలీ బ్రేకింగ్ ప్లేట్ల (చానల్ తెరలా తయారుచేసిన బొమ్మల) బెడద కూడా ఫోన్‌లోనే ఎక్కువ. ఏళ్ల తరబడి ఒకే ఫాంటు, ఒకే చోట లోగో, ఒకే రంగుల వరస పాటించే చానల్ పేరుతో నకిలీ తయారైతే తేడా ఇట్టే దొరుకుతుంది. ఆరు నెలలకోసారి వేషం మార్చే చానల్‌కు ఆ రక్షణ ఉండదు. అనుమానం వస్తే హైదరాబాద్ నుంచే పనిచేసే ఫ్యాక్ట్‌లీ వంటి నిజనిర్ధారణ వేదికల్లో వెతకవచ్చు.

ఎంచుకోవడానికి పెద్ద కసరత్తు అక్కర్లేదు. మీరు రోజూ కూర్చునే చోటే కూర్చుని శబ్దం తీసేసి ఒక్కో చానల్ పది నిమిషాలు చూడండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నది తెలిసిందా? తర్వాత కళ్లు మూసుకుని పది నిమిషాలు వినండి. రెండిట్లోనూ నిలిచినదాన్ని ఫేవరెట్స్‌లో మొదట పెట్టుకోండి. వాన, ఎన్నికల రోజులకు రెండోదాన్ని విడిగా ఉంచుకోండి. అన్నిటికీ ఒకే చానల్ సరిపోవడం అరుదు.

నచ్చిన చానల్‌లోనే పాత దృశ్యం తేదీ లేకుండా వేసినా, ప్రకటన పట్టీ వార్తను కప్పేసినా ఊరుకోనక్కర్లేదు. 2021లో సవరించిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు చానల్ 24 గంటల్లో తెలపాలి, 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. చెప్పకపోతే, లేదా చెప్పింది సంతృప్తికరంగా లేకపోతే, ఆ చానల్ సభ్యత్వం తీసుకున్న స్వయం నియంత్రణ సంస్థకు వెళ్లవచ్చు. కార్యక్రమం పేరు, తేదీ, ప్రసారమైన సమయం, తెర ఫోటో జతచేసి చానల్ వెబ్‌సైట్‌లో ఇచ్చిన ఫిర్యాదుల అధికారి చిరునామాకు తెలుగులోనే రాయండి.